మా పడసాలలో డాక్టరమ్మ

మా ఇంట్లోంచి వీధిలోకి పోవడానికి ఒకటే దారి. పొద్దు పొడిచినప్పటి నుంచి ఆ దారిలో రోగులు కూర్చుని ఉంటారు.

మొదట్లో ఇలా లేదు. బనగానపల్లెలో మా మిద్దె ఒకప్పుడు వీధిలో సగం ఉండేది. పంపకాల్లో కొంత పోయింది, అమ్మకాల్లో కొంత పోయింది. వెనక దొడ్డి కొన్న బట్టల వ్యాపారి అక్కడ గోడౌను కట్టి, మా వంటింటి వెనక తలుపును ఆనుకుని గోడ లేపాడు. ఆ తలుపు తీస్తే ఇప్పటికీ ఎదురుగా ఇటుకలే కనిపిస్తాయి. నాకు మిగిలింది ముందు అరుగు, అరుగు వెనక పడసాల, పడసాల వెనక రెండు గదులు, వంటిల్లు. మా వైపు ముందు హాలును పడసాల అంటాం. దాని పక్కన ఒక మనిషి పట్టేంత సందు ఉంది. పడసాలను క్లినిక్కుకు బాడుగకిచ్చాక, నేను బయటికి పోవాలంటే సందులోంచి అరుగు మీదికి వచ్చి, వరుసగా కూర్చున్న వాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ మెట్లు దిగాలి. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కాంపౌండరు అనుకుని టోకెన్ అడిగేవారు.

అదే అరుగు మీద మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, ఊరి తగవులు తీర్చేవాడు. ఆయన మనిషి కనపడక ముందే చప్పుడు వచ్చేది. కిర్రుచెప్పులు. అడుగు తోళ్ళ మధ్య ఏమి పెట్టి కుట్టేవారో నేనెప్పుడూ అడగలేదు కానీ, అడుగు వేసినప్పుడల్లా కిర్రు, కిర్రు అని పలికేవి. ఆ చప్పుడుకు అరుగు మీద వాళ్ళు లేచి నిలబడేవారు, వీధిలో బీడీలు ఆరిపోయేవి. మా నాన్న వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. పొలాలు పోయినా చెప్పులు మానలేదు. పక్క పల్లెలో వాటిని కుట్టే ముసలాయన ఒక్కడే మిగిలాడు. అరిగిన జత ఆయన దగ్గరికే పంపి మడమలకు, అంచులకు మేకులు కొట్టించుకునేవాణ్ణి. నేను అరుగు మీదికి వస్తే ఎవరూ లేచేవారు కాదు. కానీ మాటలు ఒక క్షణం ఆగేవి. అంతమాత్రం చాలనుకునేవాణ్ణి.

డాక్టరమ్మ పడసాల అడగడానికి వచ్చిన రోజు కూడా అవే వేసుకుని ఎదురుపోయాను. నలభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో హెల్మెట్.

"నేను ఒట్టి ఎంబీబీఎస్ సార్. జ్వరాలు, దగ్గులు, షుగరు, బీపీ, ఇంట్లో కొట్లాటలు, అన్నీ చూస్తా," అంది. తర్వాత తనే చెప్పింది, మాకు పొలాలుండిన పల్లెలోనే పుట్టానని, చర్చి పక్కనే వాళ్ళ ఇల్లని, వాళ్ళ తాత మా ఎద్దులు తోలేవాడని. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

నేను రెండు షరతులు పెట్టాను. పడసాలకూ మా గదులకూ మధ్యనున్న తలుపుకు ఆమె వైపు ఒక గడియ, నా వైపు ఒక గడియ ఉండాలి. రెండూ వేసే ఉండాలి. రెండోది, మా ఇంటి మనుషులు ఆమె దగ్గర వైద్యం చేయించుకోరు. "బాడుగకు ఉన్నావు కదా అని మొహమాటానికి ఊరికే చూడాల్సిన పని లేదు. ఇది నా మాట," అన్నాను.

"సరే సార్. ఆ సంగతి జబ్బులకు కూడా ఒక మాట చెప్పి పెట్టండి," అంది.

లోపల మా ఆవిడ నవ్వు వినిపించింది. మా ఇంట్లో ఆస్తి కన్నా మాట ఎక్కువ కాలం నిలిచింది. అందుకే దాన్ని తేలిగ్గా వాడలేదు.

గడియలు చూపును ఆపుతాయి గానీ వినికిడిని ఆపవు. నా పడక కుర్చీ ఆ తలుపు పక్కనే ఉండేది. పగలంతా అవతల జరిగేది చెవిన పడుతూనే ఉండేది. వైద్యమంటే మందులు రాయడమని అంతవరకూ అనుకున్నాను. ఆమె మందు గురించి మాట్లాడేది చాలా తక్కువ. ఇంట్లో ఎవరెవరున్నారు, నిన్న ఏ పనికి పోయావు, నీళ్ళు యాడివి తాగుతాండారు, ఇవే ఎక్కువ.

ఒకసారి ఒకామె తలనొప్పి అని వచ్చింది.

"పొద్దున ఏం తిన్యావు?"

"ఇంకా ల్యా మేడం."

"రాత్రి?"

"పిల్లోల్లు తిన్యాక ఏం మిగల్యా."

"బండికాడికి పోయి ఇడ్లీ తినిరా, పో. మళ్ళ చూస్తా. నీ టోకెన్ యాడికీ పోదు."

ఒక ముసలాయన వారం వారం మోకాళ్ళ నొప్పులతో వచ్చేవాడు. ఆయనకు మందుబిళ్ళల మీద నమ్మకం లేదు.

"ఆటో పెట్టుకోని వచ్చినా. సూదన్నా పొడవకపోతే ఎట్లమ్మా?"

"ఆటో ఆయప్పనే పొడవమందాం తాతా."

"సూది ఎయ్యని డాక్టరును నిన్నే చూస్తాండా."

"సూది అడగని తాతను నేనింకా చూడల్యా."

ఇలా ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ తాత సూది లేకుండానే పోయేవాడు, మళ్ళీ వారం వచ్చేవాడు.

ఒక నాయకుడి వెంట తిరిగే మనిషి ఒకడు వరుస దాటుకుని లోపలికి పోయి, తాను ఎవరి మనిషో తెలుసా అని గట్టిగా అడిగాడు. "తెలుసప్పా. అందుకే బీపీ అంతుండాది. అరుగు మీద కూర్చో, అది దిగినాక పిలుస్తా," అంది. వాడు కూర్చున్నాడు. తలుపుకు ఇవతల నాకు సంతోషం కలిగింది. వెంటనే కష్టంగానూ ఉండింది. ఆ వరుసలో మినహాయింపు లేదంటే నాకూ లేదు. అది నా అరుగే అయినా సరే.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ మాట ఆమెకు తెలియనివ్వలేదు. మందులు వేరే వీధి నుంచి తెప్పించుకునేవాణ్ణి. అప్పుడప్పుడూ కర్నూలు పోయి పరీక్ష చేయించుకునేవాణ్ణి. కాళ్ళు మొద్దుబారుతున్నాయని తెలుసు. మంచు మీద నడిచినట్టు ఉండేది, తర్వాత అదీ లేదు. నొప్పి లేని కాలు మంచి కాలే అనుకున్నాను.

ఉగాది దాటి ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం నేను బయటి నుంచి వచ్చి చెప్పులు విడిచి లోపలికి నడిస్తే, మా ఆవిడ వెనకనే వచ్చి నేల చూసింది. నల్ల బండల మీద నా ఎడమ కాలి అడుగులు తడిగా పడి ఉన్నాయి.

"కాళ్ళు కడుక్కొని వచ్చినారా?"

"లేదు."

ఆమె వంగి వేలితో తుడిచి వాసన చూసి, దీపం తెచ్చింది. చిటికెన వేలి కింద, అరికాలి అంచున, పావలా బిళ్ళంత పుండు. చుట్టూ తోలు తెల్లగా నాని ఉంది. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు.

"పక్క గదిలో డాక్టరును పెట్టుకోని..." అని మొదలుపెట్టింది.

"ఆమెకు చెప్పావంటే నా మాట పోయినట్టే."

"మాట మిగిల్చుకోని కాలు పోగొట్టుకుంటారా?"

మందుల షాపు నుంచి పూత తెప్పించాను, పసుపు పెట్టాను, గుడ్డ కట్టాను. గుడ్డ మీదనే చెప్పు వేసుకుని నడిచాను. కుంటకుండా నడవాలంటే ఎడమ కాలిని మెల్లగా ఆనించాలి. మెల్లగా ఆనిస్తే ఆ చెప్పు పలకదు. ఇది నేను గమనించలేదు. తర్వాత పాదం వాచి చెప్పు పట్టలేదు. అప్పటి నుంచి పడక కుర్చీ ఉన్న గదిలోనే ఉండిపోయాను.

ఆ గదికి కిటికీ సందులోకి ఉంది, సందులో ఎదుటి గోడ ఉంది. మధ్యాహ్నం మిద్దె కాగి, లోపల గాలి ఆడేది కాదు. ముందు అరుగు మీద జనం, వెనక ఇటుకలు, పక్కన రెండు గడియల తలుపు. ఇన్నాళ్ళూ ఇల్లు నిలబెట్టుకున్నానని అనుకున్న నాకు, అది నన్ను పట్టుకున్నట్టు అనిపించింది. కర్నూలు పోదాం, ఏ పెద్దాసుపత్రిలోనో పేరు తెలియని డాక్టరుకు చూపిద్దాం అనుకున్నాను. కానీ పోవాలంటే అరుగు దాటాలి. కుంటుతూ దాటాలి. మా ఇంటి మనిషి ఆ మెట్లు కుంటుతూ దిగడం ఎవరూ చూడలేదు.

అందుకని ఒకరోజు తెల్లవారక ముందే బయలుదేరాను. మా ఆవిడ వీధి మొగలో, పెద్దరోడ్డు కలిసే చోట, ఆటో ఉందేమో చూడడానికి ముందు పోయింది. నేను గోడ పట్టుకుని సందు దాటి అరుగు మీదికి వచ్చాను. మొదటి బస్సుకు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అప్పటికే ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందులో ఒక అవ్వ నా కాలి కట్టు చూసింది.

"ఏం నాయనా, కాలికేమాయ? టోకెన్లు ఇంకా ఇయ్యల్యా. ఇట్ల రా, ఈడ కూసో," అని తన చీరకొంగుతో బండ తుడిచి, జరిగి చోటిచ్చింది.

మా అరుగు మీద మాకు చోటు. నేను వెనక్కు తిరిగాను. మా ఆవిడ ఆటోవాణ్ణి తీసుకుని వచ్చేసరికి నేను మళ్ళీ పడక కుర్చీలో ఉన్నాను. ఆమె ఆటోవాడికి ఏదో చెప్పి పంపేసి, వచ్చి నా ఎదుట నేల మీద కూర్చుంది. ఆ రాత్రికి నాకు కొంచెం చలి పుట్టింది.

మర్నాడు, క్లినిక్కులో జనం నిండుగా ఉన్న వేళ, అవతలి వైపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. ఆమె వచ్చిన అన్నేళ్ళలో అదే మొదటిసారి. తర్వాత తలుపు మీద రెండు దెబ్బలు.

"సార్, ఉండారా?"

"ఉండారు. యాడికి పోతారు?" అంది మా ఆవిడ, చేటలో బియ్యం చూసుకుంటూ.

"సార్, మీ చెప్పులు రెండూ పలికేవి. పండగ పోయినాక ఒకటే పలుకుతాండాది. ఈ వారం రెండూ ల్యా. ఎడమ కాలు కదా?"

మా ఆవిడ వైపు చూశాను. నేను చెప్పలేదన్నట్టు రెండు చేతులూ ఎత్తింది.

"కాలు బాగుంది," అన్నాను.

"మంచిది సార్. అట్లయితే తలుపు తీయద్దండి. ఈడి నుంచే అడుగుతా. పుండు వేలి కిందనా, మడమ మీదనా?"

నేను కాలు కుర్చీ కిందికి లాక్కున్నాను.

"చలిజ్వరం వచ్చిందా?"

"కొంచెమే." జవాబు ఇచ్చేశానని ఆ తర్వాత తెలిసింది.

"వాసన వస్తాందా?"

నేను గొంతు బాగా తగ్గించాను. "కొంచెం."

"వినపళ్ళేదు సార్."

అవతల ఆమె గదిలో కూర్చున్న సూది తాత గొంతు వినిపించింది. "వస్తాందంట మేడం. కొంచెమంట."

"కొంచెమంటే శానా అనుకోవాల," అంది ఇంకెవరో ఆడమనిషి. "మా మామ కూడా కొంచెం కొంచెమనే చెప్పుకుంటా వచ్చినాడు."

"ఆయప్పకేమాయ కడాకు?"

"మోకాలి కాడికి తీసేసిరి."

ఇవతల మా ఆవిడ చేట కింద పెట్టింది. నేను లేచి, కుర్చీ పట్టుకుని, గోడ పట్టుకుని, నా వైపు గడియ తీశాను. తుప్పు పట్టి ఉంది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది.

"రండి," అన్నాను.

ఆమె లోపలికి వచ్చి కింద బండల మీద కూర్చుంది. నా పాదం తీసుకుని మోకాలి మీద పెట్టుకుంది. తలుపు తెరిచే ఉంది. అందులోంచి సూది తాత, ఆయన వెంట వచ్చిన కొడుకు, ఆ ఆడమనిషి, చూస్తూ ఉన్నారు. ఆమె కట్టు విప్పి, చాలాసేపు ఏమీ ముట్టుకోకుండా చూసింది. తర్వాత తెల్లకోటు జేబులోంచి నైలాన్ దారం లాంటిది, సన్నటిది, తీసింది.

"కళ్ళు మూసుకోండి సార్. అరికాలికి తగిలినప్పుడల్లా చెప్పండి."

కళ్ళు మూసుకుని నిటారుగా కూర్చున్నాను.

"తగిలింది," అన్నాను. కాసేపటికి మళ్ళీ, "తగిలింది." ఇంకాసేపటికి, "ఆఁ, తగిలింది."

సూది తాత కిసుక్కున నవ్వాడు.

"నేనింకా ముట్టుకోల్యా సార్," అంది ఆమె, మెల్లగా.

కళ్ళు తెరవాలనిపించలేదు.

ఆమె మూలన ఉన్న ఎడమ చెప్పు అడిగి తీసుకుంది. లోపల వేళ్ళు పెట్టి తడుముతూ పోయి ఒకచోట ఆగింది. నా వేలిని పట్టుకుని అక్కడ పెట్టింది. అంచుకు కొట్టిన మేకు తోలు దాటి లోపలికి, జొన్నగింజంత, లేచి ఉంది. పండగ ముందు నేనే పంపి కొట్టించిన మేకు. దాని మీద రోజూ బస్టాండు దాకా పోయి వచ్చాను. నా వేలికి గుచ్చుకుంటున్నది నా కాలికి తెలియలేదు.

"ఈపొద్దే కర్నూలు పోవాల సార్. ఇప్పుడే."

"రేపు పొద్దున పోతాను."

"ఈపొద్దు పోతే వేలితో పోతాది. రేపటి సంగతి నేను చెప్పలేను. నేను కోసేదాన్ని కాదు సార్, కుట్టేదాన్ని కాదు. ఎవర్ని ఎప్పుడు యాడికి పంపాలో అదొక్కటే నా పని. మిమ్మల్ని ఇప్పుడు పంపాల."

"నేను నీకు ఒక మాట ఇచ్చాను."

"నేను వైద్యం చెయ్యల్యా కదా సార్. దారి చెప్పినా, అంతే."

అది నా కోసం కల్పించిన మాటేనని ఇద్దరికీ తెలుసు. తల ఊపాను.

ఆటో మా వీధిలోకి రాదు, మొగలోనే ఆగుతుంది. పాదం నేల మీద మోపకూడదంది. క్లినిక్కులోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నన్ను అందులో కూర్చోబెట్టారు. ఒకవైపు సూది తాత కొడుకు, ఒకవైపు ఆటోవాడు పట్టి లేపారు.

"పెద్దాయనా, గుంజ మాదిరి బిగుసుకోవద్దు. కొంచెం వదులుగా కూసో, మోసేదానికి చేత కాదు," అన్నాడు ఆటోవాడు.

"పుట్టినప్పటి నుంచీ ఆ వీపు అంతే నాయనా. అట్లనే ఎత్తు," అంది మా ఆవిడ.

మధ్య తలుపులోంచి పడసాలలోకి, పడసాలలోంచి అరుగు మీదికి తెచ్చారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కుర్చీ పోవడానికి దారి కోసం.

"నా టోకెన్ ముందుదే, అయినా పోనీలే," అని ఎవరో అన్నారు. "పైలం నాయనా," అని ఇంకెవరో అన్నారు. వీపు నిటారుగానే ఉంచుకున్నాను. ఇంకేమీ చేయడానికి లేదు.

కర్నూలులో చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం మిగిలింది. అక్కడ మంచి డాక్టర్లే చూశారు. ఒకరు కాలు చూశారు, ఒకరు రక్తం చూశారు, ఒకరు కళ్ళలోకి దీపం వేసి చూశారు. ఎవరి భాగం వారు చూసి పోయేవారు. నా నడక ఎలా ఉండేదో వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. మంచం మీద పడుకుని వార్డు తలుపు వైపు చూస్తూ, మా పడసాలలో ఇప్పుడు ఎవరు దగ్గుతున్నారో అనుకునేవాణ్ణి.

ఇంటికి వచ్చాక మొదట చేసింది మధ్య తలుపుకు నా వైపు గడియ వేయడం. కాసేపు ఆగి, అవతల ఆమె కూడా వేసుకున్న చప్పుడు వినిపించింది. కిర్రుచెప్పులు మా ఆవిడ అటక మీద పెట్టింది. నాకు మెత్తటి రబ్బరు చెప్పులు వచ్చాయి. బస్టాండు దాకా పోవడం మాన్పించారు. నడిస్తే అరుగు దాకా, అంతే. అంటే నా లోకం ఆ మెట్ల దగ్గర ఆగిపోయింది.

కట్టు మార్చాలి. నర్సును లోపలికే పంపిస్తానని డాక్టరమ్మ కబురు చేసింది. వద్దన్నాను. లోపల దాక్కుని వైద్యం చేయించుకోవడం కన్నా వరుసలో కూర్చోవడమే మర్యాద అనిపించింది. మాట ఎలాగూ తప్పాను. తప్పినవాడు అందరి ఎదుటా తప్పాలి. మొదటి రోజు టోకెన్ తీసుకుని అరుగు చివర కూర్చుంటే, నా ముందున్న సూది తాత టోకెన్లు మార్చుకుందాం రమ్మన్నాడు. అక్కర్లేదన్నాను. "నీకూ సూది ఎయ్యదులే," అన్నాడు.

మొన్న ఒకామె నా పక్కన కూర్చుంది. కోవెలకుంట్ల వైపు నుంచి వచ్చిందట. ఒళ్ళో చంటిబిడ్డ. బిడ్డ నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"ఏ ఊరు నాయనా మీది?"

"ఈ ఊరే."

"ఇల్లు యాడ?"

వేలితో వెనక గోడ చూపించాను.

"ఈన్నేనా? నీకేమప్పా, గోడ పక్కనే. మేము రెండు బస్సులు మారి రావాల," అంది.

అవునన్నాను. ఇల్లు ఎవరిదని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

నర్సు నా టోకెన్ పిలిచింది. లేచి లోపలికి పోయాను. డాక్టరమ్మ తల వంచుకుని అంతకుముందు పోయినవాళ్ళ మందులు రాస్తోంది. రబ్బరు చెప్పులకు చప్పుడు లేదు. ఆమె తల ఎత్తలేదు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాను.

"నేను వచ్చాను," అన్నాను.